నీళ్లలో పెరుగుతున్న చేప

మామయ్యకి ఒక కంప్లైంటు ఉంది. కంప్లైంటు లేని మామయ్య లోకంలో ఎక్కడున్నాడయ్యా అంటారేమో, ఆగండి. ఈయన కంప్లైంటుకి నంబరు కూడా ఉంది. నాలుగువేల నాలుగువందల పదిహేడు. పుట్టి రెండేళ్లు కావస్తోంది. దాన్ని మూయించడానికి కంపెనీ కంపెనీయే దిగివచ్చింది, బతిమాలింది, క్షమాపణలు రాసింది. ఆయన చలిస్తేగా! "సమస్య తీర్చేస్తాం సార్, మూసేద్దామా?" అంటే "తొందరేముందండీ?" అంటాడు. ఎవరైనా కంప్లైంటు ఇచ్చేది తీరాలని. మామయ్య ఇచ్చింది ఉంచుకోవడానికి.

ఇంతకీ పోయిందేమిటంటే, ఒక చేప. అదైనా నిజం చేపా అంటే కాదు, ఫోన్లో ఆడుకునే ఆటలో చేప.

ఆట పేరు నడిసంద్రం. ఎక్కడెక్కడివాళ్లో నలుగురు చొప్పున ఒక పడవెక్కి, ఎవరి ఫోన్లో వాళ్లు గాలం వేసి చేపలు పట్టాలి. పట్టినదాన్ని వండుకోలేరు, అమ్ముకోలేరు. తూకం వేసి గోడకి తగిలించుకోవచ్చు, ఆ గోడ కూడా ఫోన్లోదే. ఈ భాగ్యానికి లక్షలమంది పడి చస్తున్నారు. ఆట చక్కగానే నడుస్తుంది, నెలకొక్క బుధవారం తప్ప. ఆ బుధవారం పొద్దున కంపెనీవాళ్లు 'అప్‌డేట్' అని ఒకటి వదులుతారు. అలలు మెరుగుపరిచామంటారు, సముద్రాన్ని ఇంకాస్త నీలం చేశామంటారు. అది వదిలిన గంటకల్లా సర్వర్లన్నీ కూలబడతాయి. అల లేచింది లేచినట్టే ఆగిపోతుంది, గాలం గాల్లో ఉండిపోతుంది, ఆడేవాళ్లంతా ఆట పేరుకు తగ్గట్టే మిగిలిపోతారు. మెరుగుపరచకపోతే బాగుండేది కదా అని అడిగిన పాపానికి వచ్చే నెల ఇంకో అప్‌డేట్ వదులుతారు.

ఇక్కడ సర్వర్ అంటే ఎక్కడో చల్లటి గదిలో బీరువాలా నిలబడి గుయ్యిమనే కంప్యూటరు. ఈ సంగతి మామయ్యకి తెలియక కాదు. తెలిసినా మనసొప్పదు. ఎందుకంటే ఆయన ముప్ఫై ఒక్క ఏళ్లు హోటల్లో సర్వర్. తెల్లచొక్కా, భుజమ్మీద తువ్వాలు, చెవి వెనక పెన్సిలు, ఎడమచేతి మీద వరసగా ఆరు ప్లేట్లు. హోటలు వదిలి మూడేళ్లయినా ఎవరు 'సర్వర్' అన్నా ఆయన తల అటు తిరుగుతుంది. అలాంటి మనిషి ఫోను తెరిస్తే 'సర్వర్ స్పందించుట లేదు' అని కనపడితే ఎలా ఉంటుంది చెప్పండి!

"ముప్ఫై ఒక్క ఏళ్లలో నేను స్పందించని రోజుందా?" అని అత్తయ్యని నిలదీసేవాడు.

"పిలవకుండానే స్పందిస్తారు మీరు," అనేది అత్తయ్య.

"ఇవాళ కూడా సర్వర్ డౌనట."

"మీరు బానే ఉన్నారుగా!"

ఆయన పడవలో ఒక పళ్ల డాక్టరుండేవాడు. మనిషిని ఎన్నడూ చూడలేదు, గొంతు విన్నది లేదు, రాతలోనే స్నేహం. పాపం ఉత్తముడే గానీ అప్‌డేట్ రోజున మాత్రం నోటికి అడ్డూ ఆపూ ఉండేది కాదు. పడవవాళ్లు పెట్టుకున్న గ్రూపులో ఆయన "ఈ దిక్కుమాలిన సర్వర్‌కి ఏం రోగమొచ్చింది?" అని రాయడం ఆలస్యం, అర నిమిషంలో మామయ్య జవాబు దిగేది.

"సర్వర్‌ని అనకండి డాక్టరుగారూ. వంటింట్లో ఏదో మాడింది."

"వంటిల్లేంటండీ?"

"అప్‌డేట్ వండింది ఎవరు? లోపలివాళ్లు. ఇవాళే వడ్డించెయ్యమన్నది ఎవరు? ఓనరు. తిట్లు తింటున్నది ఎవరు? సర్వరు."

"అది మెషీనండీ బాబూ!"

"మీరు పన్ను పీకేటప్పుడు నొప్పెడితే పేషెంటు పట్టకారుని తిడతాడా, మిమ్మల్ని తిడతాడా?"

డాక్టరు ఆ పూటకి తిట్లని ఓనరు మీదికి మళ్లించేవాడు.

అంతవరకూ బాగానే ఉంది. చిక్కంతా ఎక్కడొచ్చిందంటే, నడిసంద్రం కంపెనీ కస్టమర్ కేర్‌లో మామయ్య కంప్లైంటు చూసే అమ్మాయి ఆయన సొంత మేనకోడలు. ఆయన అక్క కూతురు. ఉద్యోగం వచ్చినప్పటినుంచీ ఉంటున్నది కూడా ఆయన ఇంట్లోనే, మేడమీద గదిలో.

ఆ ఆఫీసు ఒక కట్టడం నాలుగో అంతస్తులో. పొడవాటి హాలు, ఎనభై కుర్చీలు, ఎనభై కంప్యూటర్లు. ఫోన్లు హాల్లోకి రానివ్వరు, గుమ్మం దగ్గర ఇనప అరల్లో పెట్టి తాళం వేసుకుని రావాలి. ఎదురుగోడ మీద ఎర్రటి అంకెలు వెలుగుతుంటాయి. తిట్టడానికి సిద్ధంగా ఎంతమంది వరసలో ఉన్నారో ఆ అంకె చెబుతుంది. ఆ అంకె కింద అద్దాల గదిలో సూపర్‌వైజరు. ఆవిడ అసలు పేరు ఎవరూ వాడరు, అందరికీ క్యూ మేడమ్. గుడ్ మార్నింగ్ చెబితే "మూడొందల పన్నెండు!" అని జవాబిస్తుంది. సెలవడిగితే "నాలుగొందల ఆరు!" అంటుంది. మామూలు రోజుల్లో ఒంటిగంటకి భోజనం. అప్‌డేట్ రోజున మాత్రం "క్యూ తగ్గాక తిందురుగాని" అనేది. క్యూ సాయంత్రం ఆరు దాటితే గానీ తగ్గేది కాదు.

పని పద్ధతి ఇది. ఒక్కొక్కరికి ఒకసారి ఒకే కస్టమరు. ఆ మనిషి టైప్ చేస్తున్నంతసేపూ తెరమీద మూడు చుక్కలు ఆడుతుంటాయి. అవి ఆడుతున్నంతసేపూ ఇంకొకరు రారు. పాత కంప్లైంటు కొనసాగించాలంటే అది మొదట విన్న ఉద్యోగికే వెళుతుంది. కాబట్టి 4417 ఎప్పుడొచ్చినా మేనకోడలి నెత్తినే పడాలి. పడేది కూడా సరిగ్గా అప్‌డేట్ బుధవారం నాడే. హాలంతా మంటల్లో ఉన్నప్పుడు, ఒంటిగంటా పది నిమిషాలకి, టింగుమని మామయ్య దిగేవాడు.

"గౌరవనీయులైన కస్టమర్ కేర్ మేడమ్ గారి సముఖమునకు,"

తర్వాత చుక్కలు. నాలుగు నిమిషాలు చుక్కలే.

"నమస్కారములు."

మళ్లీ చుక్కలు. ఆరు నిమిషాలు.

"నమస్కారం సార్, మీకు ఏ విధంగా సహాయపడగలను?" అని ఆమె పళ్లు నూరుతూ కొట్టేది. రూలు ప్రకారం మామయ్యనైనా సార్ అనాలి మరి.

"తమరు తొందరపడవద్దు. నేను వ్రాయుచున్నాను."

ఆ చుక్కల్ని గుడ్లప్పగించి చూస్తూ కూర్చోవడం ఎవరివల్ల అవుతుంది? మేనకోడలు ఒళ్లు మండిపోయి, సొరుగులోంచి డబ్బా తీసి, మామయ్యని తిట్టుకుంటూ నములుతూ కూర్చునేది. ఇరవై నిమిషాలకి చేప ప్రవేశించేది. తాను గాలం లాగుతుండగా సర్వర్ పడిపోయి చేజారిన చేప. మొదటిసారి రాసినప్పుడు పన్నెండు కిలోలు. మరుసటి నెల పంతొమ్మిది. ఆ తర్వాత ముప్ఫై ఒకటి.

"సార్, పోయిన నెల పంతొమ్మిది అన్నారు," అని ఒకసారి నిలదీసింది.

"చేప నీళ్లలోనే ఉన్నది గదా మేడమ్ గారూ. పెరగదా?"

"దానికి బదులు కంపెనీ మీకు పది చేపలిస్తుంది సార్."

"అవి నావి కావు."

"అదే చేపని వెతికి ఇస్తే తీసుకుంటారా?"

"పోల్చుకొనవలెను గదా. దాని మొహము నాకు గుర్తు."

సరిగ్గా ఒంటిగంటా నలభై అయిదుకి "మిగతా వివరములు వచ్చే నెల సమర్పించుకొందును, సెలవు" అని అయిదు నక్షత్రాలు నొక్కి వెళ్లిపోయేవాడు. కంప్లైంటు మూసేయమంటారా సార్ అని అడిగితే ఒకటే జవాబు, "వద్దు."

సాయంత్రం ఇంటికొచ్చి చెప్పుల్తోనే వంటింట్లోకి వెళ్లి ఆయన్ని పట్టుకునేది. ఎందుకు వంటింట్లోకంటే, ఇంట్లో గిన్నెలు కడిగేది మామయ్య. కడగడం తనకొచ్చినంత బాగా ఇంకెవరికీ రాదని ఆయన నమ్మకం.

"మామయ్యా, డాక్టరుగారికి అర నిమిషంలో మూడు జవాబులు కొడతావు. నా దగ్గరికొచ్చేసరికి ఒక్క నమస్కారానికి ఆరు నిమిషాలేంటి?"

"అది కబురు. ఇది అర్జీ. అర్జీ ఆలోచించి రాయాలి."

"పోనీ ఏం కావాలో ఇప్పుడు నోటితో చెప్పు, నేనే రాసుకుంటా."

"ఆఫీసు విషయాలు ఇంట్లో మాట్లాడకూడదు అమ్మలూ. అదొక పద్ధతి."

"అత్తయ్యా, నువ్వైనా చెప్పు!"

"నాకేం తెలుసే తల్లీ, నేనెప్పుడూ ఆ చేపని చూళ్లేదు," అని అత్తయ్య మొహం అటు తిప్పుకునేది.

ఇలా ఎంతకాలం గడిచేదో గానీ, ఒక సోమవారం క్యూ మేడమ్ అద్దాల గదిలోంచి బయటికొచ్చి అంకె కాకుండా వాక్యం మాట్లాడింది. అక్కడే అందరికీ గుండె జారింది. రెండేళ్లుగా ట్రైనీలుగా ఉన్న ఆరుగురిని ఈ నెలాఖరుకి పర్మనెంటు చేస్తారట. అయితే ఏడాది దాటిన పాత కంప్లైంటు ఎవరి చేతిలోనైనా తెరిచే ఉంటే, వాళ్లు ఇంటికి వెళ్లిపోవచ్చట. బుధవారం సాయంత్రానికల్లా ఆవిడకి లిస్టు తయారైపోవాలి. ఆరుగురిలో అలాంటి కంప్లైంటు ఉన్నది ఒక్కరికే. ఎవరికో చెప్పాలా!

మేనకోడలికి ఆ ఉద్యోగమంటే ఇష్టం. తిడుతూ వచ్చినవాణ్ణి పది నిమిషాల్లో నవ్వించి పంపడంలో ఆమెకొక సరదా ఉంది. అది పోతే అమ్మ దగ్గరికి తిరిగి వెళ్లాలి. వెళితే, రెండేళ్లుగా అమ్మ నాలుక చివర దాచిపెట్టుకున్న "నేను ముందే చెప్పలేదూ" అన్న మాట రోజుకి రెండు పూటలా వినాలి. ఆ రాత్రి, కాదు, రాత్రిదాకా కూడా ఆగలేదు, బస్సు దిగుతూనే పరుగున వచ్చింది.

"మామయ్యా, ఆ కంప్లైంటు మూసెయ్యి. లేకపోతే నా ఉద్యోగం పోతుంది."

మామయ్య చేతిలో ప్లేటు ఆగింది. "ఎప్పటికి?"

"బుధవారం సాయంత్రానికి. ఇప్పుడే మూసెయ్యి, ఫోనిటివ్వు, నేనే నొక్కుతా."

"బుధవారం అప్‌డేట్ ఉంది కదూ?"

"ఉంటే? ఈసారి రెండో సముద్రం పెడుతున్నారు. కొంప మునుగుతుంది. దానికీ నీ చేపకీ ఏంటి సంబంధం?"

"పెద్ద అప్‌డేటే అయితే," అని ఆయన ప్లేటుని తుడిచిందే తుడిచాడు. "బుధవారం ఒంటిగంటా నలభై అయిదుకి మూస్తాను. అంతకుముందు కుదరదు."

"ముహూర్తమా అది? నీకు నాకంటే ఫోన్లో చేప ఎక్కువైపోయిందా?"

మామయ్య ఏదో చెప్పబోయి అత్తయ్య వైపు చూశాడు. అత్తయ్య కుళాయి ఇంకొంచెం పెద్దగా తిప్పింది. మేనకోడలు విసవిసా మేడెక్కిపోయింది. మంగళవారమంతా మామయ్యతో మాట్లాడలేదు. ఇంత మొండి మనిషి దగ్గర ఇన్నాళ్లు ఎలా ఉన్నానురా దేవుడా అనుకుంది.

బుధవారం రానే వచ్చింది. పదకొండింటికి రెండో సముద్రాన్ని వదిలారు. పన్నెండు కాకుండానే రెండోది మొదటిదాన్ని కూడా వెంటబెట్టుకుని మునిగింది. గోడమీద అంకె చూస్తుండగానే మూడొందలు, అయిదొందలు, ఎనిమిదొందలు దాటింది. ఒకాయన "మూడు గంటలు కాచుకుని సొరచేపని లాగుతున్నా, సర్వర్ పోయింది, అది నోరు తెరుచుకుని ఇప్పటికీ నావైపే చూస్తోంది, నేనేం చెయ్యను?" అని అడిగాడు. ఇంకొకావిడ తన పడవ చెట్టెక్కిందని ఫొటో పంపింది. సముద్రంలో చెట్టెక్కడిదమ్మా అంటే అప్‌డేట్‌లో మీరే పెట్టారుగా అంది. మిగతావాళ్లు రాసినవి ఇక్కడ రాసేవి కావు. మేనకోడలు వరసగా ముప్ఫై ఏడుగురికి క్షమాపణ చెప్పింది. ముప్ఫై ఎనిమిదోసారి 'క్షమించండి' కొట్టబోతే వేళ్లు తడబడి 'క్షవరం' అని పడింది.

ఒంటిగంటా పది. టింగ్.

"గౌరవనీయులైన కస్టమర్ కేర్ మేడమ్ గారి సముఖమునకు,"

"సార్, ఇవాళ తొమ్మిదొందల మంది వరసలో ఉన్నారు. మీకు దండం పెడతా. మూసేయండి," అని నమస్కారం రూలు కూడా మర్చిపోయి కొట్టింది.

చుక్కలు.

ఆమెకి ఏడుపొచ్చింది. ఏడుపుతో పాటు ఆకలీ వేసింది. అలవాటుగా చెయ్యి సొరుగులోకి పోయింది, డబ్బా మూత వచ్చింది. రెండు ముద్దలు నోట్లో పెట్టుకుందో లేదో వెనకనుంచి గొంతు వినపడింది.

"తొమ్మిదొందల నలభై! నువ్వు తింటున్నావా?"

క్యూ మేడమ్ వంగి తెర చూసింది. చుక్కలు తాపీగా ఆడుతున్నాయి. "4417? నా లిస్టులో ఉన్నది ఇదేగా! లోపలికి రా."

అద్దాల గదిలో ఆవిడ ఆ కంప్లైంటు చరిత్రంతా తెరిచింది. అంకెల మనిషి కదా, అంకెలే చూసింది. చూస్తున్నకొద్దీ కనుబొమ్మలు పైకి పోయాయి.

"ఇరవై రెండుసార్లు వచ్చాడు. ఇరవై రెండూ అప్‌డేట్ బుధవారాలే. ఇరవై రెండుసార్లూ ఒంటిగంటా పదికి మొదలు, నలభై అయిదుకి ఆఖరు. చేప పన్నెండు కిలోల నుంచి తొంభై కిలోలకి పెరిగింది. ఈయన అడ్రసూ నీ అడ్రసూ ఒకటి. ఎవరీయన?"

"మా మామయ్య మేడమ్," అంది. "మనిషి మంచివాడే. కొంచెం పట్టుదల ఎక్కువ. ఆ చేప పోయినందుకు బాగా..."

"ఏ చేప?" క్యూ మేడమ్ తెరని ఇటు తిప్పింది. "మొదటి కంప్లైంటు రోజున సర్వర్లు పన్నెండింటికి పడ్డాయి, మర్నాడు గానీ లేవలేదు. మీ మామయ్య ఈ ఆటకి మన వెబ్‌సైట్లో పేరు నమోదు చేసుకున్నది అదే రోజు ఒంటిగంటా అయిదుకి. కంప్లైంటు ఇచ్చింది ఒంటిగంటా పదికి. చేప పట్టడం కాదు కదా, అసలు పడవే ఎక్కలేదు."

మేనకోడలు నోరు తెరిచింది. మూయడం మర్చిపోయింది. లేని చేప కోసం ఆమె రెండేళ్లుగా మూడు డిపార్ట్‌మెంట్లకి ఉత్తరాలు రాసింది. ఒకసారి దాని బొమ్మ కూడా గీసి పంపింది.

"ఇద్దరూ కలిసి బానే ఆడారు నాటకం. పని ఎగ్గొట్టడానికి మామయ్య. బాగుంది," అని క్యూ మేడమ్ టేబుల్ మీది ఫోనందుకుని, స్పీకరు నొక్కి, నంబరు కలిపింది.

"హలో, నడిసంద్రం కస్టమర్ కేర్ నుంచండీ. మీ చేప గురించి."

"వ్రాస్తున్నాను మేడమ్ గారూ, వ్రాస్తున్నాను," అన్నాడు మామయ్య.

"రాయక్కర్లేదు. చేప లేదని మాకు తెలిసిపోయింది."

అవతలినుంచి అత్తయ్య గొంతు స్పష్టంగా వినపడింది. "అయిపోయింది, దొరికిపోయారు! తొంభై కిలోలు వద్దండీ, ఎవరూ నమ్మరు అని నే చెప్తూనే ఉన్నా!"

"నువ్వుండవే," అని మామయ్య గొంతు సవరించుకున్నాడు. "మేడమ్ గారూ, ఆ పిల్లకి ఏమీ తెలీదండీ. ఒట్టు. తప్పంతా నాది. దాని ఉద్యోగం జోలికి వెళ్లకండి."

"ఎందుకు చేశారిదంతా?"

"అది ఉద్యోగంలో చేరిన కొత్తలో, మొదటి అప్‌డేట్ రోజున, సాయంత్రం దాని డబ్బా కడుగుదామని మూత తీశానండీ. పొద్దున పెట్టింది పెట్టినట్టే ఉంది. ఏంటమ్మలూ అంటే, ఆకల్లేదు మామయ్యా అంది. ఆకలి చచ్చిన మొహం ఎలా ఉంటుందో నాకు తెలియదా? ముప్ఫై ఒక్క ఏళ్లు సర్వర్‌గా చేశాను. రద్దీ రోజున సర్వర్‌కి తిండుండదు. మూడింటికి చేతులు వణుకుతాయి. అప్పుడు జారుతుంది ఆరో ప్లేటు. జారితే తిట్లు మళ్లీ సర్వర్‌కే."

క్యూ మేడమ్ స్పీకరు శబ్దం పెంచింది.

"మా హోటలుకి ఒక మేష్టారు వచ్చేవారండీ. బాగా జనమున్న రోజు చూసి నా టేబుల్ దగ్గరే కూర్చునేవారు. పక్క కుర్చీ లాగి నన్ను కూర్చోబెట్టి, ఏం తినాలో తోచట్లేదయ్యా, నువ్వే చెప్పు అని అరగంట సాగదీసేవారు. నేను లోపల తిట్టుకునేవాణ్ణి. నా కాళ్లకోసం అలా చేస్తున్నారని తెలియడానికి నాకు నాలుగేళ్లు పట్టింది. ఆ సంగతి గుర్తొచ్చింది. మీ హాల్లోకి ఫోన్లు రానివ్వరు. మరి ఆ పిల్ల దగ్గరికి నేనెలా రావాలి? దాని పేరు రాసి కంప్లైంటు ఇస్తే గానీ దారిలేదు. కంప్లైంటు ఇవ్వాలంటే ఏదో ఒకటి పోవాలి కదా. అందుకని చేపని పోగొట్టుకున్నాను."

మేనకోడలికి కళ్లనిండా నీళ్లొచ్చాయి. ఆ ఆరు నిమిషాల నమస్కారాలు, ఆ 'తమరు తొందరపడవద్దు'లు, అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. రెండేళ్లలో ఆఫీసులో ఆమె తినని అప్‌డేట్ బుధవారం, ఆ మొట్టమొదటిది తప్ప, ఒక్కటి లేదు. తిన్న ప్రతిసారీ ఆయన్నే తిట్టుకుంటూ తిన్నది. ఏడుపూ నవ్వూ కలిసొచ్చి ముక్కులోంచి వింత శబ్దం ఒకటి వెలువడింది.

క్యూ మేడమ్ అద్దంలోంచి హాలు వైపు చూసింది. ఎనభై తలలు తెరలమీదికి వంగి ఉన్నాయి. "వీళ్లలో ఎంతమంది తిన్నారు?" అని నెమ్మదిగా అడిగింది.

"నేనొక్కదాన్నే మేడమ్. రెండు ముద్దలు."

ఆవిడ కాసేపు పెన్ను మూత తీసింది, పెట్టింది. మళ్లీ ఫోను వైపు తిరిగి, "రూలు ప్రకారం ఇది తప్పుడు కంప్లైంటండీ, మూసేయాలి," అంది.

"మూసేయండి. కానీ కస్టమరు ఒప్పుకుంటే గానీ మూయకూడదని కూడా మీ రూలే కదండీ. రెండేళ్లుగా చదువుతున్నాను. అప్‌డేట్ రోజున వాళ్లెప్పుడు తింటారో రాసి, చదివి వినిపించండి. వింటూనే ఒప్పుకుంటా."

అంత గట్టి మనిషిని ఎవరూ అంత మర్యాదగా ఇరికించి ఉండరు. క్యూ మేడమ్ మొహం కందగడ్డ అయింది. గోడమీద అంకె తొమ్మిదొందల ఎనభైకి చేరింది. ఆవిడ దానివైపు చూడకుండా టైప్ చేసి, పైకి చదివింది.

"4417. సమస్య: చేప. పరిష్కారం: ఇకనుంచి అప్‌డేట్ రోజున సగం సగం మంది చొప్పున ఒంటిగంట నుంచి అరగంట భోజనం. ఇవాళ్టినుంచే. సరేనా?"

"మొదట ఉన్న చేపని తీసేయండి మేడమ్ గారూ, ఇక దాంతో పనిలేదు," అన్నాడు మామయ్య. "ఒప్పుకున్నా. అయిదు నక్షత్రాలు. అవునూ, ఇంతకీ మీరు తిన్నారా?"

"నా సంగతి మీకెందుకండీ!" అని ఆవిడ ఠక్కున ఫోను పెట్టేసి, మేనకోడలి వైపు చూడకుండా, "వెళ్లు. వెళ్లి నీ డబ్బా పూర్తి చెయ్యి," అంది.

ఆ సాయంత్రం మేనకోడలు వంటింట్లోకి వెళ్లి మామయ్య భుజమ్మీద తల వాల్చింది. ఆయన సబ్బు చేతులు గాల్లోకి ఎత్తి పట్టుకున్నాడు.

"ఎందుకు చెప్పలేదు మామయ్యా?"

"చెప్తే తినేదానివా? క్యూ ఉంది, జనమున్నారు అని చుక్కలకి కూడా జవాబులు రాసేదానివి."

"ఒకసారి దాని బొమ్మ కూడా గీశాను, తెలుసా?"

"చూశాను. మూతి సరిగ్గా రాలేదు," అన్నాడు మామయ్య గంభీరంగా. అత్తయ్య నవ్వలేక కుర్చీలో కూలబడింది.

నెలాఖరుకి పర్మనెంటు కాగితం వచ్చింది. ఆమెకే కాదు, ఆరుగురికీ. అమ్మ ఫోన్ చేసి "నేను ముందే చెప్పలేదూ" అని దాన్ని కూడా తన ఖాతాలోనే వేసుకుంది.

మరుసటి నెల బుధవారం మళ్లీ అప్‌డేట్. ఈసారి సముద్రానికి వాన పెట్టారు. పన్నెండింటికి వాన ఆగలేదు, సర్వర్లు ఆగాయి. అయినా ఒంటిగంటకి నలభై మంది లేచి భోజనాల గదిలోకి నడిచారు. మేనకోడలు ఇనప అరలోంచి ఫోను తీసుకుని, డబ్బా ముందు పెట్టుకుని, మామయ్యకి కలిపింది. ఎంగేజ్. అయిదు నిమిషాలాగి మళ్లీ కలిపింది. ఎంగేజ్. ఈ వేళప్పుడు ఈయన ఎవరితో మాట్లాడుతున్నాడు? డాక్టరుతో అయితే రాతలోనే మాట్లాడతాడాయె.

తినడం ముగించి హాల్లోకి వస్తూ అద్దాల గది వైపు చూసింది. క్యూ మేడమ్ ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, ఒక చేత్తో ఏమీ రాయని కాగితం మీద పెన్ను పట్టుకుని, రెండో చేత్తో బ్రెడ్డు తింటోంది. మొహం నిండా చిరాకు. తలుపు దగ్గర మేనకోడల్ని చూసి, మాట్లాడే గొట్టానికి అరచెయ్యి అడ్డం పెట్టింది.

"మీ మామయ్యే. ఇవాళ తిమింగలం పోగొట్టుకున్నాడట."

"ఎన్ని టన్నులట మేడమ్?"

"ఇంకా తూకం దాకా రాలేదు. ప్రస్తుతం నమస్కారాల దగ్గరున్నాం," అని క్యూ మేడమ్ ఇంకో ముక్క తుంచుకుని, కాలితో తలుపు మూసుకుంది.